ఉపన్యాసాల కంటే ముందు ఒక గంట, ఏడు బల్లలు

హైదరాబాద్‌లోని ఇంజినీరింగ్, డిగ్రీ, పీజీ కళాశాలల పర్యావరణ క్లబ్బుల కన్వీనర్లకు, విద్యార్థి కమిటీలకు, హాలు అనుమతి మీద సంతకం పెట్టే ప్రిన్సిపాళ్లకు,

నమస్కారం.

అంతర్ కళాశాల సదస్సు అనగానే మన దగ్గర ఒక వరుస స్థిరపడిపోయింది. జ్యోతి ప్రజ్వలన, పూలగుత్తులు, నాలుగు ఉపన్యాసాలు, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత రెండు గంటల నిద్రమత్తు. ఈ మధ్యలో ఎక్కడో పావుగంట 'ఐస్‌బ్రేకర్' (బిడియం పోగొట్టే పరిచయ ఆట) అని కార్యక్రమ పత్రంలో వేస్తారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే ఆ పావుగంట కూడా పోతుంది. సాయంత్రం పిల్లలు ఏ బస్సులో వచ్చారో అదే బస్సులో, ఎవరితో వచ్చారో వాళ్లతోనే వెళ్లిపోతారు. చెరువు నీటి నాణ్యత మీద ప్రాజెక్టు చేస్తున్న సివిల్ అమ్మాయికీ, ఆ నీటిని పరీక్షించడం చేతనైన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అబ్బాయికీ మధ్య ఆ రోజంతా మూడు వరుసల కుర్చీల దూరమే. అయినా ఒకరి పేరు ఒకరికి తెలియదు.

సదస్సు మొదటి గంటను పూర్తిగా పరిచయాలకు వదలండి, దాన్ని ఉపన్యాసాల కంటే ముందు పెట్టండి. ఈ లేఖలో అడిగేది ఇదే. ఆ గంటను ఎలా నడపాలో కింద కొలతలతో సహా రాస్తున్నాం. ముప్ఫై అయిదు మందికి లెక్క వేశాం. ఎక్కువ మంది ఉంటే ఏం మార్చాలో కూడా చెప్తాం.

ముందు మానేయాల్సినవి.

'ఒక్కొక్కరుగా లేచి పరిచయం చేసుకోండి' అనేది అన్నిటికంటే ఎక్కువ సమయం తినేస్తుంది. మనిషికి ఒక నిమిషం అన్నా ముప్ఫై అయిదు నిమిషాలు. ఆరేడుగురు అయ్యేసరికి వినడం ఆగిపోతుంది. తన వంతు వచ్చేదాకా ప్రతివాళ్లూ తను చెప్పబోయే రెండు వాక్యాలు మనసులో వల్లె వేసుకుంటూ ఉంటారు, అయిపోయాక ఊపిరి పీల్చుకుంటారు. ఇంగ్లీషులో తడబడతామని భయపడే పిల్లలకు ఆ అరగంట నరకం.

చేతులు చేతులు ముడివేసి విడిపించుకునే ఆటలు, ఒకరి మీద ఒకరు వాలే ఆటలు వద్దు. కొత్తవాళ్లతో తాకుడు చాలామంది అమ్మాయిలకు ఇబ్బంది, కొందరు అబ్బాయిలకూ ఇబ్బందే, కానీ మొహమాటానికి కాదనలేరు. ఓడినవాళ్లు బయటికి వెళ్లి నిలబడే ఆటలూ వద్దు. అందరికంటే బిడియస్తులే ముందు ఓడిపోతారు, ఎవరి కోసం ఆట పెట్టామో వాళ్లనే గోడ పక్కన నిలబెట్టినట్టు అవుతుంది. బుడగలు పగలగొట్టడం, ప్లాస్టిక్ గ్లాసుల గోపురాలు, సేమ్యా పుల్లలతో కట్టడాలు కూడా ఈ సభలో పొసగవు. చెత్త తగ్గించాలని వచ్చిన పిల్లల చేత మొదటి పావుగంటలో ఒక బుట్టెడు చెత్త చేయించకండి.

ఇక చేయాల్సింది.

హాలు కనీసం పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉండాలి. ఏడు బల్లలు గుండ్రంగా వేయండి. బల్లకూ బల్లకూ మధ్య రెండు మీటర్లు వదలండి. సిమెంటు పైకప్పు ఉన్న హాల్లో ఏడు చోట్ల ఒకేసారి మాట్లాడితే శబ్దం తిరిగి కొడుతుంది, రెండు మీటర్ల కంటే దగ్గరైతే పక్క బల్ల మాటలే వినిపిస్తాయి. హాలు చిన్నదైతే వరండా గానీ చెట్టు నీడ గానీ నయం. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు పెద్దగా రాసి బల్లల మీద నిలబెట్టండి. మైకు అక్కర్లేదు. ఒక స్టీలు పళ్లెం, ఒక గరిటె చాలు. పళ్లెం మోగితే మాట ఆపి లేవాలి.

బ్యాడ్జీలకు పాత అట్టపెట్టెలు కోయండి, పది సెంటీమీటర్లు బై ఏడు. ఒక్కోదానికి తొంభై సెంటీమీటర్ల పురికొస కావాలి, మొత్తం ముప్ఫై రెండు మీటర్లు. పేరు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉర్దూలోనో ఎవరికి నచ్చినట్టు వాళ్లు రాసుకుంటారు. కళాశాల పేరు మాత్రం బ్యాడ్జీ మీద రాయించకండి. మన నగరంలో కళాశాల పేరు చూడగానే ఎదుటివాళ్లకు ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు లెక్క మొదలవుతుంది. డిగ్రీ కళాశాల నుంచి వచ్చిన బీఎస్సీ విద్యార్థి ఆ చూపు పడగానే ముడుచుకుపోతాడు.

పేరు కింద ఒక అక్షరం, ఒక అంకె వేయండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

అయిదు కళాశాలల నుంచి ఏడుగురేసి వచ్చారనుకుందాం. కళాశాలకు ఒక అక్షరం: క, ఖ, గ, ఘ, చ. కళాశాల ఒక్కటే అయితే బ్రాంచిని బట్టి ఇవ్వండి: సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమిస్ట్రీ, కంప్యూటర్స్. ఒక్కో గుంపులో ఏడుగురికీ ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. మొదటి విడతలో ఎవరి అంకె ఉన్న బల్ల దగ్గర వాళ్లు కూర్చుంటారు. పళ్లెం మోగగానే 'క' వాళ్లు కదలరు. 'ఖ' వాళ్లు గడియారం తిరిగే దిశలో ఒక బల్ల ముందుకు, 'గ' వాళ్లు రెండు, 'ఘ' వాళ్లు మూడు, 'చ' వాళ్లు నాలుగు బల్లలు జరుగుతారు. మూడో విడతకు మళ్లీ అంతే. 'గ-3' బ్యాడ్జీ ఉన్న అమ్మాయి 3, 5, 7 బల్లల దగ్గర కూర్చుంటుంది. 'ఘ-5' అబ్బాయి 5, 1, 4 దగ్గర. ఇలా తిరిగితే ఏ బల్ల దగ్గరా ఒకే కళాశాల వాళ్లు ఇద్దరు పడరు, ఒకసారి కలిసినవాళ్లు మళ్లీ ఎదురుపడరు. మూడు విడతల్లో ప్రతి ఒక్కరూ పన్నెండు మంది కొత్తవాళ్లతో కూర్చుని మాట్లాడతారు. ఎవరూ ఎవరినీ బతిమాలి లేపక్కర్లేదు.

బల్లలు ఏడే ఎందుకు, ఆరు చాలవా అని తప్పకుండా అడుగుతారు. చాలవు. ఆరు బల్లలతో చేస్తే మూడేసి జరిగే 'ఘ' వాళ్లు రెండు జరుగుళ్లకే గుండ్రంగా తిరిగి మొదటి చోటికి వచ్చేస్తారు, మూడో విడతలో కదలని 'క' వాళ్లకే మళ్లీ ఎదురవుతారు. నాలుగు బల్లలైతే రెండేసి జరిగేవాళ్లకు అదే గతి. బల్లల సంఖ్య అయిదో, ఏడో, పదకొండో పెట్టుకోండి. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్య అయితే, గుంపులు బల్లల కంటే ఎక్కువ లేనంతవరకు, ఈ లెక్క తప్పకుండా నిలుస్తుంది. ఏడు బల్లలకు ఏడు గుంపుల దాకా, అంటే నలభై తొమ్మిది మంది దాకా సరిపోతుంది. అంతకు మించి, తొంభై ఎనిమిది మంది దాకా వస్తే రెండు వలయాలు వేయండి. ఎవరైనా రాకపోతే ఆ కుర్చీ ఖాళీగా వదిలేయండి, లెక్క చెడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మాత్రం రానివాళ్ల బ్యాడ్జీ ఇవ్వాలి. 'ఎక్కడో ఒకచోట కూర్చో బాబూ' అన్నారో, వాళ్లు తిన్నగా స్నేహితుల పక్కకే చేరతారు.

బల్లల దగ్గరికి చేరే ముందు పది నిమిషాలు నేల మీద పటం. హాల్లోనో బయటో సుద్దముక్కతో ఆరు మీటర్ల నగరం గీయండి. పడమర నుంచి తూర్పుకు మూసీ, దానికి ఉత్తరాన హుస్సేన్‌సాగర్, పడమటి అంచున ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వాయవ్యానికి ఒక బాణం: మంజీరా. ఈశాన్యానికి ఒకటి: గోదావరి, ఎల్లంపల్లి. ఆగ్నేయానికి ఒకటి: కృష్ణ, నాగార్జునసాగర్. పక్కనే మూడు గళ్లు: బోరు, ట్యాంకరు, తెలియదు. మొదట 'ఇప్పుడు ఉంటున్న చోట నిలబడండి' అనాలి. హాస్టల్ వాళ్లకు హాస్టలే ఇల్లు. రెండు నిమిషాలయ్యాక 'మీ కుళాయిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడికి నడవండి' అనాలి.

సగానికి సగం మంది తెలియదు గడిలో చేరడం మామూలే. అక్కడే మాటలు మొదలవుతాయి. 1908 సెప్టెంబరు వరద తర్వాత మూసీని అదుపులో పెట్టడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయనీ, ఈ రోజు నగరం తాగే నీటిలో పెద్ద భాగం వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, పంపుల మీద ఎక్కి వస్తోందనీ నడిపించేవాళ్లు రెండే వాక్యాల్లో చెప్పి ఆగిపోవాలి. అంతకంటే చెప్తే అది ఉపన్యాసం. పంపులు అనగానే మెకానికల్ వాళ్లు, కరెంటు అనగానే ఎలక్ట్రికల్ వాళ్లు, క్లోరిన్ అనగానే కెమిస్ట్రీ వాళ్లు వాళ్లంతట వాళ్లే అందుకుంటారు. వీల్‌చెయిర్‌లో వచ్చినవాళ్లుంటే పటం గచ్చు మీదే గీయండి, గడ్డి మీద వద్దు.

మొదటి విడత, పది నిమిషాలు: ఎనిమిది కార్డులు. ఒక పక్క రాసేసిన ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి కోస్తే ఎనిమిది కార్డులు వస్తాయి, ఏడు బల్లలకు ఏడు కాగితాలు. కార్డుల మీద ఇవి రాయండి: ఫోను ఒకసారి పూర్తిగా చార్జి చేయడం. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు పది గంటలు. వెయ్యి లీటర్ల నీళ్లు ముప్ఫై మీటర్ల ఎత్తుకు ఎక్కించడం, పంపు సామర్థ్యం యాభై శాతం. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు 25 డిగ్రీల నుంచి 45కు కాచడం. డెబ్భై అయిదు వాట్ల పాత ఫ్యాను పది గంటలు. ఒక కిలోవాట్ సోలార్ పలకలు ఒక మంచి ఎండ రోజు ఇచ్చేది. లీటరు పెట్రోలులో ఉన్న ఉష్ణం. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌లో ఉన్న ఉష్ణం. అయిదుగురూ కలిసి తక్కువ నుంచి ఎక్కువకు పేర్చాలి. ఫోన్లు బోర్లా పెట్టాలి, లెక్క కాగితం మీదే.

జవాబులు ఇదే వరుసలో, కరెంటు యూనిట్లలో (యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట): సుమారు 0.02, తర్వాత 0.1, 0.16, 0.46, 0.75, సుమారు 4, సుమారు 9, సుమారు 180. కార్డులను బాగా కలిపి ఇవ్వండి, జవాబు కార్డు వెనక రాసి పెట్టండి. దాదాపు ప్రతి బల్ల దగ్గరా రెండు చోట్ల తప్పు పోతుంది. ఫోను చార్జింగును చాలా ఎక్కువ అనుకుంటారు, బకెట్ వేణ్నీళ్లను చాలా తక్కువ అనుకుంటారు. ఆ ఒక్క బకెట్టుకు అయ్యే కరెంటుతో ఫోనును ఇరవై సార్లకు పైగా చార్జి చేయవచ్చు. పెట్రోలు ఉష్ణాన్నీ కరెంటు యూనిట్‌నీ ఒకే తక్కెడలో పెట్టవచ్చా అని ఎవరో ఒకరు అడ్డం తిరుగుతారు. తిరగనివ్వండి, అది సరైన ప్రశ్నే. థర్మోడైనమిక్స్ తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు వివరించేటప్పుడు బెరుకు దానంతట అదే పోతుంది.

ఒక జాగ్రత్త. ఉష్ణోగ్రతలు, పంపు సామర్థ్యం కార్డు ముందువైపే రాసి ఉండాలి. లేకపోతే 'అది ఆధారపడి ఉంటుంది' అనే మాటతో రెండో నిమిషంలోనే చర్చ చచ్చిపోతుంది.

రెండో విడత: రెండు ఒప్పులు, ఒక తప్పు. అందరికీ తెలిసిన ఆటే, కానీ తన గురించి కాకుండా తను చదివే విషయం నుంచి మూడు మాటలు చెప్పాలి. తన గురించి చెప్పమంటే సిగ్గరులు 'నాకు ఒక తమ్ముడున్నాడు' దగ్గర ఆగిపోతారు. తన సబ్జెక్టు అయితే నోరు లేస్తుంది. కెమిస్ట్రీ విద్యార్థి ఇలా చెప్పవచ్చు: పీహెచ్ 6 ఉన్న నీరు పీహెచ్ 7 నీటి కంటే పది రెట్లు ఆమ్లం. 25 డిగ్రీల మంచినీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల పైచిలుకు. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. మూడోది తప్పు. ఎందుకు తప్పో చెప్పేలోపే ఎండాకాలం చెరువుల్లో చేపలు ఎందుకు తేలతాయన్న మాట వస్తుంది. సివిల్ విద్యార్థి వంద చదరపు మీటర్ల డాబా, ఒక సెంటీమీటరు వాన, వెయ్యి లీటర్లు అని మొదలుపెట్టి ఇంకుడు గుంత దాకా వెళ్తుంది. మనిషికి రెండు నిమిషాలు. బల్ల దగ్గర 'క' వాళ్లు సమయం చూసే బాధ్యత తీసుకోవాలి, వాళ్లు కదలరు కాబట్టి. మూడు మాటలూ ముందే రాసుకోవడానికి సభకు రెండు రోజుల ముందు కబురు పంపండి. అప్పటికప్పుడు అడిగితే బుర్ర పనిచేయదు.

మూడో విడత మీదే మొత్తం గంట ఆధారపడి ఉంది. ప్రతి ఒక్కరికీ ఒక కార్డు. పైన 'కావాలి', కింద 'ఇస్తాను'. రెండు చోట్లా పని, పరిమాణం, తేదీ ఉండాలి.

'గైడెన్స్ కావాలి', 'సహకారం కావాలి' అని రాస్తే ఎవరూ ఏమీ ఇవ్వలేరు. 'పది చెరువు నీటి శాంపిళ్లలో నైట్రేట్ చూడాలి, స్పెక్ట్రోఫోటోమీటర్ (కాంతితో నీటిని పరీక్షించే పరికరం) రెండు గంటలు, ఈ నెలాఖరులోపు' అని రాస్తే ఎదుటివాళ్లు వెంటనే 'మా ల్యాబ్‌లో ఉంది, సార్‌ని అడగాలి' అంటారు. 'ఇస్తాను' దగ్గర పిల్లలు ఆగిపోతారు, నా దగ్గర ఇవ్వడానికి ఏముంది అనుకుంటారు. ఇక్కడ నడిపించేవాళ్లు బల్లల మధ్య తిరిగి చెప్పాలి: టంకం పెట్టడం వచ్చా, ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు సెన్సర్ కలపడం వచ్చా, క్యూజీఐఎస్‌లో పటం గీయడం వచ్చా, సర్వే ఫారం ఉర్దూలోకి మార్చగలవా, మీ అపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడి తడిచెత్త లెక్క తేగలవా. సర్వేకి ఇంటింటికీ తిరగగలిగే మనిషి స్పెక్ట్రోఫోటోమీటర్ కంటే అరుదు. ఆ మాట పిల్లలకు వినబడేలా చెప్పండి.

మూడో విడత అయ్యాక కార్డులన్నీ గోడకు తగిలించండి, పన్నెండు నిమిషాలు. గోడ వెంట పురికొస కట్టి బట్టలారేసినట్టు క్లిప్పులతో పెడితే గోడ పాడవదు, టేపు అక్కర్లేదు. ఎవరి 'కావాలి'కి ఎవరి 'ఇస్తాను' సరిపోతుందో వెతికి, దొరికితే రెండు కార్డులనూ ఒక క్లిప్పుకు కలపాలి. ఫోను నంబర్లు గోడ మీద రాయించకండి. అమ్మాయిల నంబర్లు గుంపులో పడితే ఆ రాత్రే అక్కర్లేని సందేశాలు మొదలవుతాయి. కలిసిన జంటలు మాత్రం తమలో తాము ఇష్టమైతే మార్చుకుంటారు, లేదా కమిటీ మెయిల్ ద్వారా కలుస్తారు.

పొద్దున ఒక్కొక్కరే వచ్చి చేరే పావుగంటలో ఖాళీగా నిలబడకుండా పదహారు గళ్ల కాగితం ఒకటి చేతికివ్వవచ్చు. గడికొకటి రాయండి: పోయిన నెల ఇంటి కరెంటు ఎన్ని యూనిట్లో తెలిసినవారు, ఇంట్లో ఎరువు చేసేవారు, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు చూసినవారు. ఆ ప్లాంటు తార్నాక ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) పరిజ్ఞానంతో కట్టినదే, మన పిల్లలు చాలామందికి తెలియదు. ఒక మనిషి ఒక గడికే సంతకం పెట్టాలి, సంతకం పక్కన ఒక వివరం రాయించుకోవాలి. ఈ రెండో నియమం లేకపోతే సంతకాల పరుగు తప్ప మాట ఉండదు. బహుమతి పెట్టకండి, పెడితే ఆ పరుగు ఇంకా పెరుగుతుంది.

తాడు పరిచి ఒక చివర 'అవును', ఇంకో చివర 'కాదు' అని నిలబెట్టే ఆట కూడా మంచిదే. ప్రశ్న సరిగా ఉండాలి, అంతే. 'మట్టి వినాయకుడు మంచిదా' అంటే అందరూ ఒకే చివరకు పోతారు, మాట్లాడేదేమీ మిగలదు. 'ఇప్పుడున్న కరెంటుతోనే నడిపినా విద్యుత్ స్కూటర్ పెట్రోలు బండి కంటే నయమా' అంటే తాడు పొడవునా చీలుతారు. ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు. వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు, రెండు లీటర్లు అనుకుంటే ఎంతకు ఎంతో వాళ్లే వేసుకుంటారు. బ్యాటరీ తయారీ సంగతేమిటని రెండో చివర వాళ్లు అడుగుతారు. సమయం మిగిలితేనే ఇది పెట్టండి.

భాష గురించి ఒక్క మాట. గుమ్మం దగ్గర బోర్డు మీద 'తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు – ఏదైనా, కలిపైనా' అని రాయండి. నడిపించేవాళ్లు మొదటి వాక్యం తెలుగులో మాట్లాడాలి. జిల్లాల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఆ ఒక్క వాక్యం కోసం చూస్తూ ఉంటారు. ఆ తర్వాత వాళ్లే ఇంగ్లీషు మాటలు వేసుకుంటూ ఎంత లోతైన విషయమైనా చెప్తారు.

అధ్యాపకులకు ఒక విన్నపం. మీరూ బ్యాడ్జీ వేసుకుని బల్ల దగ్గర కూర్చోండి, లేదా ఆ గంట బయట ఉండండి. వెనక కుర్చీల్లో కూర్చుని చూస్తూ ఉంటే మీ విద్యార్థులు తప్పు లెక్క చెప్పడానికి భయపడతారు. ముఖ్య అతిథిని తొమ్మిదిన్నరకు కాకుండా పదిన్నరకు పిలవండి. అప్పటికి పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడి ఉంటారు కాబట్టి ఉపన్యాసం తర్వాత ప్రశ్నలు కూడా వస్తాయి.

కలిసిన జంటల జాబితా ఆ సాయంత్రమే రాసి పెట్టండి. పది రోజుల తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి 'మీ పని ఎంతవరకు వచ్చింది' అని ఒక్క వాక్యం మెయిల్ చేసే బాధ్యత కమిటీలో పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. పని ఆగేది చాలావరకు ల్యాబ్ అనుమతి దగ్గరే. వేరే కళాశాల విద్యార్థి శాంపిల్ పట్టుకుని వస్తే ఎవరి సంతకం కావాలి, ఏ రోజుల్లో రావచ్చు, రసాయనాల ఖర్చు ఎవరిది అన్నది ప్రిన్సిపాళ్లు ఒక పేజీలో ముందే రాసి ఆ గోడ మీదే తగిలించగలిగితే సగం జంటలు అక్కడికక్కడే తేదీ వేసుకుంటాయి.

హాలు తాళం ఉదయం ఏడున్నరకల్లా తీయించండి. బల్లలు వేయడానికి నలుగురికి నలభై నిమిషాలు పడుతుంది, పటం గీయడానికి ఇంకో ఇరవై.

ఇట్లు,
పరిచయ ఆటలు తయారుచేసి నడిపించే కొందరం,
హైదరాబాద్